మంగళ జి.ఎస్. అయిన వానాకాలం

జి.ఎస్. అంటే ఏమిటో ఆ రోజు దాకా బొంబాయిలో మేముండే చాల్‌లో, ఆ వరస గదుల అద్దె మేడలో, ఎవరికీ తెలియదు. తెలిసిన మంగళేమో నెత్తి నిండా గులాల్‌తో వచ్చి, పుస్తకాలు గడప లోపల పడేసి, బిందె తీసుకుని నల్లా దగ్గర వరసలో నిలబడింది. ఆ సాయంత్రం నీళ్ల వంతు ఆమెది మరి.

"ఏందే పిల్లా, హోలీ ఎప్పుడో అయిపాయె గద?" అన్నాను.

"గెలిచిన వొదినె. జనరల్ సెక్రెటరీ. ఇగ కాలేజీల పోరలందరి తరఫున నేనే మాట్లాడాలె."

"ఇంట్ల మాట్లాడేది చాలలేదా నీకు?"

నవ్వి, నా చెంపకింత గులాల్ రాసి, బిందె ముందుకు జరుపుకుంది. అది ఎనభై ఐదు వానాకాలం. గల్లీలో మోకాటి లోతు నీళ్లు, నల్లాలో మాత్రం సన్నటి ధార.

నా పేరు భూదేవి. పాలమూరు దిక్కు నుంచి కామాటిపురా ఏడో గల్లీకి కోడలిగా వచ్చినదాన్ని. ఒకటే గది. అందులో మా అత్త రత్నాబాయి, మా ఆయన శివరాం, ఆయన చెల్లెలు మంగళ, నేను, నా బీడీల చేట. మామ రాజలింగం తాపీ మేస్త్రి. ఈ ఊళ్లో సగం మేడలు తానే కట్టానని చెప్పుకుంటూ ఈ అద్దె గదిలోనే కన్నుమూశాడు. ఆయన తాపీ దూలానికి వేలాడుతూ ఉండేది. దాన్ని దించాల్సిన అవసరం రావద్దని మా అత్త రోజూ దానికే దండం పెట్టేది.

మంగళ గెలవడం కూడా ఒక వింతే. ఆ కాలేజీలో క్లాసుకొక ప్రతినిధి ఉంటాడు. ఆ ప్రతినిధులంతా కలిసి జి.ఎస్.ను ఎన్నుకుంటారు. మంగళ మీద నిలబడ్డవాడు డబ్బున్నవాడు. ఓట్లు జారిపోకుండా ప్రతినిధులను బస్సెక్కించి ఖండాలాకు షికారు తీసుకుపోయాడు. అప్పట్లో అది మామూలే. కాని ప్రతినిధుల్లో ఆడపిల్లలను తీసుకుపోలేకపోయాడు. రాత్రిపూట బయట ఉండటానికి ఏ తల్లి పంపుతుంది? ఊళ్లో మిగిలిన ఆ ఆడపిల్లల ఇళ్లన్నిటికీ మంగళ గొడుగేసుకుని నడిచి వెళ్లింది. అక్కడ కొండదారిలో మట్టిపెళ్లలు విరిగిపడి బస్సు ఆగిపోయింది. షికారు పోయినవాళ్లు దిగేసరికి ఓట్లు పడటం అయిపోయింది.

ఇక మా ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. మా ఆయన అదే కాలేజీలో సిపాయి, అంటే ప్యూను. పొద్దున్నే గేటు తెరవడం, తరగతి తరగతికీ గంట కొట్టడం, ఫైళ్లు మోయడం. అన్నీ చేసినా ఇంకా టెంపరరీయే. మంగళ ఆ కాలేజీలో చేరిన రోజే ఆయన గట్టిగా చెప్పేశాడు.

"సిపాయి చెల్లెవంటే నిన్నెవరు లెక్కజేస్తరే? గేటు లోపల నేనెవరో, నువ్వెవరో."

"నాకేం సిగ్గు లేదన్నా."

"నాకుంది. నిన్ను చూసి ఎవడన్న నవ్వితే నాకు పానం పోతది. ఊకో."

మంగళ రెండు రోజులు అన్నతో మాట్లాడలేదు. తర్వాత ఒప్పుకుంది. కాలేజీ పిల్లలు సిపాయిలను మామా అని పిలుస్తారు. ఆమె కూడా అందరి ముందూ సొంత అన్నను "శివరాం మామా" అని పిలిచేది.

"అన్నను పట్టుకొని మామ అంటవా? గట్లయితే నేను నీకు అత్తనయిత. రా, కాళ్లు పట్టు," అని నేను ఆటపట్టించేదాన్ని.

ఈ దొంగాటలో నాకో పని ఎక్కువ పడింది. బొంబాయిలో గిన్నె కొంటే దుకాణంలోనే దాని మీద పేరు కొట్టిస్తారు. మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా, ప్రతి అన్నం డబ్బా మీదా రాజలింగం అని మామ పేరుంది. ఒకే పేరున్న డబ్బాలు ఇద్దరి చేతుల్లో కనబడితే గుట్టు రట్టే. అందుకని ఆయనకు పేరు లేని పాత ఇత్తడి డబ్బా కొన్నాను, ఆమెకు ప్లాస్టిక్‌ది. ఇద్దరివీ పొద్దుటి పనులే అయినా ముందు ఆయన, కాసేపాగి ఆమె. ఒకే కూర వేర్వేరు సంచుల్లో కాలేజీకి పోయేది.

జి.ఎస్. అంటే వార్డుకు గెలిచే నగర్‌సేవక్ లాంటి పదవే అనుకున్నారు మా చాల్ వాళ్లు. రాములమ్మ వచ్చి రేషన్‌లో కిరసనాయిలు సరిగ్గా పోయడం లేదని చెప్పుకుంది. వెంకటయ్య గటారు మురుగుతో నిండిందని నిలదీశాడు. నాకు సంబంధం లేదు అనడం మంగళకు చేతకాదు. మునిసిపాలిటీ వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి కింది పాయిఖానాకు తలుపు పెట్టించింది.

"జి.ఎస్.నని చెప్పినవా?" అని అడిగాను.

"కాలేజీ నుంచి వచ్చిన అని చెప్పిన. అంతే. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన్నేమో అనుకున్నడు ఆఫీసరు, పాపం."

కాలేజీలో కూడా ఆమెకు దొరికినవి ఇలాంటి పనులే. రైలు పాసు రాయితీకి ముద్ర వేయించుకోవడానికి పిల్లలు కిటికీ ముందు గంటలకొద్దీ నిలబడేవారు. ఆమె గుమస్తా పక్కన స్టూలేసుకుని కూర్చుని రెండో కిటికీ తెరిపించింది. ఆడపిల్లల గదికి లోపలి గొళ్లెం లేకపోతే పెట్టించింది. క్లాసుకు రాని లెక్చరర్ కోసం స్టాఫ్ రూం బయట నలుగురు అమ్మాయిలతో మౌనంగా నిలబడింది. ఆయన మూడో రోజుకు క్లాసుకు వచ్చాడు. రాత్రి అన్నం దగ్గర ఈ ముచ్చట్లన్నీ చెబుతుంటే మా ఆయన తెలియనట్టే వినేవాడు. అన్నీ కళ్లారా చూసినవాడే, అయినా మళ్లీ ఆమె నోట వినాలి. ఆయన మొహంలో ఆ కాసేపు వెలుగు చూస్తే నాకూ సంతోషంగా ఉండేది.

పాడు చేసింది మా చాల్ వాళ్ల ప్రేమ.

కుల పెద్ద బాలనర్సయ్యకు మంగళకు సన్మానం చేయాలని పుట్టింది. చేస్తే చేశాడు, అధ్యక్షుడిగా ఎవరినైనా పిలుచుకోవచ్చు కదా! పేడా మిఠాయి డబ్బా పట్టుకుని మాకెవరికీ చెప్పకుండా నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికే పోయాడు. ఆయనా కాదనలేదు. కుర్చీ వేసి దండ వేస్తామంటే రానివాడెవడు?

శ్రావణ మాసం ఆదివారం. వాకిట్లో వానకు అడ్డంగా పట్టాలు కట్టారు. డప్పులు మోగాయి. ప్రిన్సిపాల్ గొడుగు ముడిచి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్ను చూడగానే మా ఆయన జనం వెనక, మెట్ల కిందికి పోయి నిలబడ్డాడు.

మా వాళ్లలో ఒక ఆచారముంది. ఇంటి ఆడపిల్లకు మర్యాద చేయాలంటే ముందు ఆమె తండ్రికి రుమాలు చుట్టాలి. తండ్రి లేకపోతే అన్నకు. అన్న తలకు రుమాలు చుట్టకుండా పిల్ల మెడలో దండ వేస్తే ఆ పిల్లకు ఇంటివాళ్లు లేనట్టు.

బాలనర్సయ్య మైకులో అరిచాడు.

"మంగళ అన్న ఎక్కడ? రాజలింగం కొడుకు శివరాం! ఎక్కడ దాక్కున్నవ్ రా? ముందుకు రా!"

"వద్దు కాకా, ఆమెకేయి, నాకెందుకు," అంటూనే ఉన్నాడు మా ఆయన. నలుగురు కుర్రాళ్లు ఆయన్ను ఎత్తినంత పని చేసి తెచ్చారు. ఎర్ర రుమాలు తలకు చుట్టారు. ఇంట్లో తొడుక్కునే బనీను మీదే ఉన్నాడు.

ప్రిన్సిపాల్ కాసేపు తన సిపాయినీ, తన జి.ఎస్.నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. అప్పుడు తీసిన ఫోటోలో నవ్వుతూనే ఉన్నాడు. మంగళ దండ సర్దుకుంటూ అన్న వైపు చూసింది. మా ఆయన రుమాలు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

మర్నాడు కాలేజీలో ఎవరూ ఏమీ అనలేదట. ఆ తర్వాత కూడా అనలేదు. అనవసరంగా భయపడ్డామనుకున్నాం.

వినాయకుడు నీళ్లలో కలిసిన వారానికి నోటీసు పడింది. దీపావళి సెలవుల తర్వాత పొద్దుటి తరగతులు ఉండవు, అందరూ పగటి తరగతులకే రావాలి. పొద్దుటి తరగతుల్లో చదివేవాళ్లు ఎవరు? మిల్లులు మూతపడ్డ ఇళ్ల పిల్లలు, పది దాటగానే పనికి పరిగెత్తేవాళ్లు. యూనియన్‌లో సాంస్కృతిక కార్యదర్శి సాయిలు అలాంటివాడే. ధారావి పిల్లవాడు, మా పాలమూరు వాళ్లే. ఏడింటికి క్లాసు, పదకొండు నుంచి దాదర్‌లో సిమెంటు బస్తాలు. పగటి తరగతులంటే వాడికి చదువు బంద్.

మంగళ, సాయిలు, మిగతా ఆఫీసు బేరర్లు ప్రిన్సిపాల్‌ను మూడుసార్లు కలిశారు. పని కాలేదు. సంప్, అదే సమ్మె, చేయాలని తీర్మానించారు. పిల్లలంతా వాకిట్లో కూర్చోవాలి, ఏడింటి గంట మోగకూడదు. గంట మోగితేనే కదా తరగతి జరిగినట్టు లెక్క! సంతకం పెట్టింది జి.ఎస్. మంగళ. గంట కొట్టేది శివరాం.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, చేటలోని నా తునికాకులు అటూ ఇటూ సర్దుతూ కూర్చున్నాడు. ఆయన ఆ పని ఎప్పుడూ చేయడు.

"ఏమైందయ్యా?"

"సార్ పిలిచిండు. పర్మనెంట్ ఆర్డర్ దసరాకు చేతికొస్తదట. గంట మాత్రం టైముకు మోగాలె అన్నడు. చెల్లెకు నువ్వే సమజ్ చెయ్యి, ఇంట్లనే ఉంది గద, అన్నడు."

"మరి చెప్పరాదు?"

"చెప్ప. నువ్వు గూడ చెప్పకు. చెప్తే ఆమె ఎనుకకు జరుగుతది. నా కోసం జరిగిందని జిందగీ మొత్తం నాకు తెలుస్తనే ఉంటది."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆ మరుసటి రోజు మంగళను కూడా లోపలికి పిలిచి, మీ అన్న ఫైలు నా టేబుల్ మీదే ఉందమ్మా అన్నాడట ప్రిన్సిపాల్. ఆమె ఆ ముక్క నాకు చెప్పి, అన్నకు చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇద్దరూ ఒకే పళ్లెం ముందు కూర్చుని, ఒకే కూర తింటూ, ఇద్దరికీ తెలిసినదాన్ని ఇద్దరూ దాచుకున్నారు. మధ్యలో వడ్డించేది నేను. కూరలో ఉప్పు ఎక్కువైందని మా అత్త తిట్టింది. ఎక్కువ కాదా మరి?

సంప్ రోజు పొద్దున మా ఆయన తిండి కట్టించుకోవడం మరిచిపోయి వెళ్లాడు. నా చేతికి ఏది అందితే అందులో రొట్టెలు పెట్టుకుని గొడుగుతో పరిగెత్తాను. గ్రాంట్ రోడ్ వంతెన దిగాక చూసుకుంటే అది మామ పేరున్న డబ్బా. వెనక్కి పోయే సమయం లేదు.

కాలేజీ వాకిలి నిండా పిల్లలు వానలో కూర్చుని ఉన్నారు. నినాదాలు లేవు. ముందు వరసలో మంగళ, సాయిలు. వరండాలో వేలాడే ఇత్తడి గంట పక్కన మా ఆయన కొయ్య సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. పై అంతస్తులో, పిట్టగోడ దగ్గర ప్రిన్సిపాల్. గోడ గడియారంలో ఏడు కావస్తోంది.

మంగళ లేచింది. లంగా అంచు పిండుకుని వరండా మెట్ల దాకా నడిచింది. అందరికీ వినబడేటట్టు, మరాఠీలో కాదు, మన తెలుగులోనే అంది.

"అన్నా! నువ్వు కొట్టు. నీ నౌకరీ నువ్వు చెయ్యి. మేం లేవం."

వాకిలి మొత్తం ఆమె వైపు తిరిగింది. అన్నా అన్న మాట అర్థం కానివాళ్లు అక్కడ లేరు. ఎవరో అమ్మాయి "కాయ్? భావూ ఆహే తిచా?" అని పక్కదాన్ని అడిగింది, ఆయన ఆమెకు అన్న అవుతాడా అని. తీర్మానం మీద సంతకం పెట్టిన జి.ఎస్. తానే దాన్ని తప్పుతోందని తెలుగు తెలిసిన ఒకడు గొణిగాడు. సాయిలు వాడి భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

మా ఆయన చెల్లెలి వైపు చూశాడు. నన్ను కూడా చూశాడు, నా చేతిలోని డబ్బానూ చూశాడు. నేను కొట్టు అన్నట్టు తల ఊపాను. అవును, ఊపాను. ఎందుకు ఊపకూడదు? కొట్టమన్నది ఆమే, కొట్టినా ఎవరూ లేవరు, ఎవరికీ నష్టం లేదు, మా పొయ్యి మీద ఎసరు పెట్టుకోవచ్చు.

ఆయన సుత్తిని గంట పక్కనున్న మేకుకు తగిలించాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని మెట్లు దిగి వచ్చి నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు.

"ఆకలైతుంది. ఏం తెచ్చినవ్?" అన్నాడు.

గడియారం ముల్లు ఏడు దాటింది. ఆ రోజు గంట మోగలేదు. మధ్యాహ్నానికి ఆయన్ను రేపటి నుంచి రానక్కర్లేదన్నారు.

సంప్ బతుకమ్మ పేర్చే రోజుల దాకా నడిచింది. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. సంప్ గెలిస్తే అన్నను మళ్లీ తీసుకుంటారు, ఆ మాత్రం అడగరా అని మా అత్త అందరితో చెప్పుకుంటూ తిరిగింది. నేనూ అదే అనుకున్నాను. ఆయన కూడా నోటితో అనకపోయినా యూనిఫాం ఉతికించి మడత పెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం మంగళ, సాయిలు కలిసి వచ్చారు. సాయిలు మొహంలో సంతోషం ఆగడం లేదు.

"గెలిచినం వొదినా! పొద్దుటి క్లాసులు ఎప్పటి లెక్కనే. నోటీస్ వాపస్ తీసుకున్నరు!"

"మరి శివరాం సంగతి?" అంది మా అత్త.

సాయిలు సంతోషం అక్కడే ఆగింది. మంగళ వైపు చూశాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. వాడే చెప్పాడు.

"సార్ అడిగిండు అవ్వా, ఇంకేమన్న ఉందా అని. మేమందరం మంగళ దిక్కే చూసినం. అన్న ముచ్చట ఆమెనే తీస్తదనుకున్నం. లేదు సార్ అన్నది. లేచినం."

"లేదా?" అత్త గొంతు లేచింది. "నీకు అన్న లేడానె?"

"అవ్వా, పోరలు వానల కూసున్నది వాళ్ల క్లాసు కోసం. వాళ్లు నాకు ఓటేసింది వాళ్ల పని కోసం. వాళ్ల పేరు మీద మా ఇంటి పని ఎట్ల అడుగుత?"

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ ఇంటి పనా? సుత్తె మేకుకు ఏసినప్పుడు ఆయన ఎవరి పని జేసిండు? నీ యూనియన్ పని కాదా అది?"

మంగళ గిర్రున అన్న వైపు తిరిగింది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టలేదని నాకు ఆ క్షణమే తెలిసింది. అన్న అంటే ఇల్లు అనుకుంది. గంట దగ్గర నిలబడ్డవాడు కూడా సంప్‌లో మనిషే అనుకోలేదు. గోడ వెంబడి అలాగే జారి కింద కూర్చుని, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. గెలిచిన జి.ఎస్.!

సాయిలు లేచాడు. "ఇప్పుడే పోయి అడుగుదాం, నేను అడుగుత..."

"కూసో," అన్నాడు మా ఆయన. "మాట ముగిసినంక మల్ల పోయి చెయ్యి సాపితే గెలిచినది పల్చనైతది. నీ క్లాసులు ఉన్నయి గద? చాలు." తర్వాత చెల్లెలి నెత్తి మీద చెయ్యి వేశాడు. "నువ్వు కొట్టమంటే నేను కొట్టిన్నా? నీ మాట నేను ఇనలే. ఊకో ఇగ. భూదేవీ, పోరనికి బువ్వ పెట్టు."

పెట్టాను. కోపంతోనే పెట్టాను. మా అత్త తినలేదు.

మరునాడు చీకటి ఉండగానే మా ఆయన స్టూలెక్కి దూలం మీది తాపీ దించాడు. మా అత్త గోడ వైపు తిరిగి పడుకుంది, దండం పెట్టలేదు. నేను డబ్బాలు కట్టాను. ఇత్తడిది పక్కన పెట్టాను, ప్లాస్టిక్‌ది పక్కన పెట్టాను. మామ పేరున్నవి రెండు తీసి ఒకే సంచిలో పెట్టి మంగళకిచ్చాను.

"ఇద్దరూ కలిసే పోన్రి. ఇగ దాసుడెందుకు?"

కూలీలు పని కోసం నిలబడే నాకా కాలేజీ దాటాక వస్తుంది. గేటు దాకా ఇద్దరూ కలిసే నడిచారట. గేటులో ఎవరో పిల్లలు "శివరాం మామా, వాపస్ ఆలాత్ కా?" అని, తిరిగొచ్చావా అన్నట్టు, అరిచారట. మంగళ ఆగి, "మామా కాదు, మా అన్న" అని చెప్పిందట. ఇవన్నీ సాయంత్రం ఇద్దరూ పోటీలు పడి చెప్పారు. ఆయన చేతులకు సున్నం కాటు పడి ఉంది. నేను కొబ్బరినూనె రాస్తున్నాను.

"కొత్త సిపాయి గంట కొడితే గేటు బయటనే నిలబడి ఇన్న," అన్నాడు ఆయన. "మెల్లగ కొట్టిండే. గట్ల కొడితే ఎనుక గేటు కాడికి ఇనపడదు. దూరం కెళ్లి వచ్చే పోరలు అక్కడనే ఉంటరు."

"రేపు చెప్త అన్నా," అంది మంగళ, డబ్బాలు కడుగుతూ. "అది నా పనే."